కాంటా ఒక ప్రాసెస్, తక్‌పట్టీ ఒక ప్రాసెస్: డీ-బస్ ఇంటర్‌ఫేస్ రాసే పద్ధతి

వరంగల్ ఎనుమాముల లాంటి మార్కెట్ యార్డులో, మిర్చి సీజన్ ఊపులో ఉన్నప్పుడు కాంటా దగ్గరి కంప్యూటర్‌కు చేతినిండా పని. తూకం యంత్రం నుంచి సీరియల్ కేబుల్ మీద వచ్చే అంకెలు చదవాలి. రైతు పేరు మీద తక్‌పట్టీ (తూకం, ధర, మొత్తం రాసిన చీటీ) కొట్టాలి. బయటి బోర్డు మీద లాట్ నంబరు, ధర చూపాలి. ఇదంతా ఒకే ప్రోగ్రాంలో కుక్కితే ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నప్పుడల్లా తూకం కూడా ఆగుతుంది, దడువాయి (తూకం వేసే మనిషి) చేతులు కట్టుకొని నిలబడాల్సి వస్తుంది. అందుకే కాంటా, పట్టీ, బోర్డు అని మూడు ప్రాసెస్‌లుగా విడదీయడం మంచిది. విడదీశాక అవి ఒకదానితో ఒకటి ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు అన్నది తేల్చాలి. ఇంటర్‌ఫేస్ డిజైన్ అంటే అదే.

ఇక్కడ ఉదాహరణకు లైనక్స్ డీ-బస్ తీసుకుంటున్నాం, అంటే ఒకే మెషీన్‌లోని ప్రాసెస్‌లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే ఏర్పాటు. 2006 నవంబరులో దీని 1.0 వెర్షన్ వచ్చింది. సిస్టమ్‌డీ, నెట్‌వర్క్‌మేనేజర్, బ్లూజ్ అన్నీ దీని మీదే మాట్లాడుకుంటాయి కాబట్టి మీ మెషీన్‌లో ఇప్పటికే నడుస్తూ ఉంటుంది, వేరే ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. ఇలాంటి పనికే జావా ఆర్‌ఎంఐ, కోర్బా, జీఆర్‌పీసీ వాడేవాళ్లకు పేర్లు మారతాయి గానీ చిక్కులు చాలామటుకు ఇవే.

ముందే ఒక మాట. కింద మెథడ్ల పేర్లు తెలుగులో రాశాం, కోడ్‌లో మాత్రం అలా కుదరదు. డీ-బస్ ఇంటర్‌ఫేస్, మెథడ్ పేర్లలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ (ఇంటర్‌ఫేస్ పేరులో అయితే భాగాల మధ్య చుక్క కూడా) తప్ప ఇంకేదీ ఒప్పుకోదు, పేరు 255 అక్షరాలు దాటకూడదు. ఇంటర్‌ఫేస్ పేరును మీ డొమైన్ పేరు తిరగేసి మొదలుపెట్టడం ఆనవాయితీ. డొమైన్‌లో హైఫన్ ఉంటే దాన్ని అండర్‌స్కోర్ చేయండి.

క్లాస్‌ను బయట పెట్టకండి

ఎక్కువమంది చేసే పని ఏమిటంటే, లోపల ఉన్న లాట్ అనే క్లాస్‌ను అలాగే ఎత్తి బస్ మీద పెట్టేయడం. రైతు పేరు ఇచ్చే మెథడ్ ఒకటి, బస్తాల సంఖ్య ఇచ్చేది ఒకటి, ఒక్కో బస్తా బరువు ఇచ్చేది ఇంకొకటి. ఒకే ప్రాసెస్ లోపల ఇది తప్పేం కాదు, అక్కడ ఒక ఫంక్షన్ కాల్ నానోసెకన్లలో అయిపోతుంది. బస్ మీద ఒక కాల్ అంటే సందేశం ముందు బస్ డీమన్‌కు (సందేశాలు చేరవేసే ప్రాసెస్‌కు) పోవాలి, అక్కడి నుంచి సర్వీసుకు, జవాబు మళ్లీ డీమన్ మీదుగా వెనక్కి. దారిలో ప్రతి మజిలీలో ఒక ప్రాసెస్ నిద్ర లేవాలి. మామూలుగా ఇది పదుల నుంచి వందల మైక్రోసెకన్ల పని. 60 బస్తాల లాట్‌కు బస్తాకొక కాల్ చేస్తే లోడ్ పెరిగిన రోజు స్క్రీన్ నత్తనడక నడుస్తుంది.

వేగం ఒక్కటే కాదు, ఇంకో నష్టం కూడా ఉంది. 30వ బస్తా, 31వ బస్తా అడిగే మధ్యలో ఎవరో లాట్‌ను సరిదిద్దితే, మీ చేతికి వచ్చేది సగం పాత లాట్, సగం కొత్త లాట్. కలిసి ఉండాల్సిన విషయాలను ఒకే జవాబులో పంపండి.

కాబట్టి కోడ్ తెరవకముందే కాగితం మీద ఒక్కో ప్రాసెస్ పేరు రాసి, దానికి అవతలివాళ్ల దగ్గర నిజంగా ఏం కావాలో పూర్తి వాక్యంగా రాయండి. బోర్డుకు కావాల్సింది 'ఈ రోజు జెండా పాట (యార్డులో ధర తేల్చే వేలం) ధర ఎంత, ఇప్పుడు కాంటా మీద ఏ లాట్ ఉంది'. కాంటాకు కావాల్సింది 'ఈ లాట్‌కు ఈ బరువులతో పట్టీ కొట్టు'. రాసి చూస్తే తెలుస్తుంది, అవసరాలు పదికి మించవు. అవే మీ మెథడ్లు. క్లాస్‌లో ఉన్న మిగతా ముప్పై ఫంక్షన్లు లోపలే ఉండనివ్వండి.

ఆబ్జెక్టుల విషయంలోనూ ఇదే పద్ధతి. తనకంటూ గుర్తింపు, ఆయుష్షు ఉండి, బయటివాళ్లు పేరు పెట్టి పిలవాల్సిన వాటికే ఆబ్జెక్ట్ పాత్ (బస్ మీద చిరునామా) ఇవ్వండి. లాట్‌కు ఇవ్వొచ్చు, 'లాట్లు' కింద 412 అన్నట్టు. బస్తాకు ఇవ్వకండి, అది లాట్‌లో ఒక అంకె మాత్రమే. లాట్లు వస్తూ పోతూ ఉంటాయి కాబట్టి పై పాత్ మీద ఆబ్జెక్ట్‌మేనేజర్ అనే ప్రామాణిక ఇంటర్‌ఫేస్ పెట్టండి. దాంతో అన్ని లాట్ల వివరాలూ ఒకే కాల్‌లో వస్తాయి, కొత్త లాట్ చేరినా, పాతది పోయినా సిగ్నల్ (ఎవరూ అడగకుండానే వినేవాళ్లందరికీ వెళ్లే కబురు) వస్తుంది.

జవాబు రాకపోతే పని అయినట్టా, కానట్టా?

ఇంటర్‌ఫేస్‌లో డబ్బు నష్టం తెచ్చే చోటు ఇదే, కాబట్టి కొంచెం ఆగి చూద్దాం. పట్టీ సర్వీసులో 'పట్టీ ఇవ్వు' అనే మెథడ్ ఉంది. లాట్, బరువులు తీసుకొని పట్టీ నంబరు ఇస్తుంది. కాంటా దాన్ని పిలిచింది. పట్టీ సర్వీసు డేటాబేస్‌లో రాసింది, జవాబు పంపేలోపు మెమరీ చాలక ప్రాసెస్ పడిపోయింది. కాంటాకు వెంటనే 'నోరిప్లై' అనే ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే అవతలి కనెక్షన్ తెగిందని బస్ డీమన్‌కు తెలుసు. సర్వీసు పడిపోకుండా ఎక్కడో ఇరుక్కుపోతే మాత్రం టైమవుట్ దాకా ఆగాల్సిందే. డీ-బస్ లైబ్రరీలైన లిబ్‌డీబస్, జీడీబస్, ఎస్‌డీ-బస్ మూడింటిలోనూ అది మామూలుగా 25 సెకన్లు.

రెండు సందర్భాల్లోనూ కాంటాకు తెలిసింది సున్నా. పని అయి ఉండొచ్చు, కాకపోయి ఉండొచ్చు. దడువాయి మళ్లీ బటన్ నొక్కుతాడు, ఎవరైనా అదే చేస్తారు. ఒకే లాట్‌కు రెండు తక్‌పట్టీలు పడతాయి. సాయంత్రం అడ్తి (కమీషన్ ఏజెంటు) లెక్కకు, ఖరీదుదారు లెక్కకు పొంతన కుదరదు. ఒక నెట్‌వర్క్ కేబుల్ కూడా లేని ఒకే మెషీన్‌లోనే ఈ పరిస్థితి, ఇక రెండు మెషీన్ల మధ్య అయితే చెప్పక్కర్లేదు.

మందు ఇంటర్‌ఫేస్‌లోనే ఉండాలి, తర్వాత అతికిస్తే కుదరదు. మెథడ్ మొదటి ఆర్గ్యుమెంటుగా 'కోరిక ఐడీ' పెట్టండి. దాన్ని పిలిచేవాడే తయారుచేయాలి, సర్వీసు కాదు. యూయూఐడీ (ఎక్కడా మళ్లీ రాని యాదృచ్ఛిక గుర్తు) చాలు. వరుస ఇలా ఉంటుంది: కాంటా ఐడీ తయారుచేసి ముందు తన డిస్క్ మీద రాసుకుంటుంది, తర్వాతే కాల్ చేస్తుంది. పట్టీ సర్వీసు ఆ ఐడీని, పట్టీ రికార్డును ఒకే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో రాస్తుంది, రాస్తే రెండూ పడతాయి, లేకపోతే ఏదీ పడదు. అదే ఐడీ మళ్లీ వస్తే కొత్త పట్టీ కొట్టదు, పాత నంబరే తిరిగి ఇస్తుంది. అదే ఐడీ మీద వేరే బరువులు వస్తే మాత్రం ఎర్రర్ ఇస్తుంది, అది పిలిచేవాడి కోడ్‌లో తప్పు ఉందని గుర్తు.

ఇందులో తరచూ జారిపోయేవి రెండు. ఐడీని మెమరీలోనే పెట్టుకుంటే కాంటా ప్రాసెస్ పడి లేచినప్పుడు కొత్త ఐడీ పుడుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. ఐడీని, పట్టీని వేర్వేరు ట్రాన్సాక్షన్లలో రాస్తే రెండింటి మధ్య కరెంటు పోయే సందు అలాగే మిగులుతుంది. ఐడీలను ఆ రోజు లెక్క ముగిసేదాకానైనా ఉంచండి, సీజన్ అంతా ఉంచినా పోయేదేం లేదు, స్థలం పెద్దగా పట్టదు.

ఇంకో ఆర్గ్యుమెంటు కూడా కావాలి: పిలిచేవాడు స్క్రీన్ మీద చూసిన రేటు. రేటు పట్టీ సర్వీసు దగ్గరే ఉంటుంది కదా, మళ్లీ పంపడం ఎందుకనిపిస్తుంది. తూకం నడుస్తుండగా రేటు సరిదిద్దితే, దడువాయి రైతుకు ఒక ధర చెప్పి, పట్టీ మీద ఇంకో ధర పడుతుంది. చూసిన రేటు, ఉన్న రేటు కలవకపోతే 'రేటు మారింది' అని సర్వీసు తిప్పికొట్టాలి. లెక్క మాత్రం తన దగ్గరున్న రేటుతోనే కట్టాలి, అవతలివాడు పంపినదాంతో కాదు.

మొత్తం కలిపితే మెథడ్ ఇలా తేలుతుంది:

పట్టీ ఇవ్వు
లోపలికి: కోరిక ఐడీ (స్ట్రింగ్), లాట్ (ఆబ్జెక్ట్ పాత్), బస్తాల బరువులు గ్రాముల్లో (గుర్తు లేని 32 బిట్ల అంకెల అర్రే), చూసిన రేటు పైసల్లో (64 బిట్లు), ఆప్షన్లు (స్ట్రింగ్ నుంచి వేరియంట్‌కు, అంటే ఏ రకం విలువకైనా, డిక్షనరీ)
బయటికి: పట్టీ నంబరు (స్ట్రింగ్), మొత్తం పైసల్లో (64 బిట్లు), వివరాలు (అదే రకం డిక్షనరీ)

గ్రాములు, పైసలు ఎందుకు

డీ-బస్‌లో డబుల్ రకం ఉంది, బరువుకు అదే వాడాలనిపిస్తుంది. వాడకండి. 40.35 అన్న అంకెను బైనరీలో కచ్చితంగా రాయలేం. అరవై బస్తాలు కూడి, రేటుతో గుణించి, రౌండ్ చేస్తే రెండు ప్రాసెస్‌లలో ఒక పైసా తేడా రావచ్చు. ఆ పైసా కోసం సాయంత్రం గంటసేపు వెతకాలి. బరువు గ్రాముల్లో, రేటు క్వింటాల్‌కు పైసల్లో, అన్నీ పూర్ణాంకాలే పంపండి. యూనిట్ పేరు ఆర్గ్యుమెంట్ పేరులోనే ఉండాలి. 'బరువు' అని రాస్తే కిలోలో గ్రాములో ఎవరికీ గుర్తుండదు.

లెక్క ఒకసారి వేసి చూడండి. 40.350 కిలోల బస్తా 40,350 గ్రాములు. క్వింటాల్ ధర 14,000 రూపాయలనుకుంటే 14,00,000 పైసలు. రెండూ గుణిస్తే 5,649 కోట్లు. గుర్తు లేని 32 బిట్ల అంకె పట్టగలిగేది సుమారు 429 కోట్లే, కాబట్టి గుణకారం 64 బిట్లలో చేయాలి. క్వింటాల్‌లో లక్ష గ్రాములు కాబట్టి లక్షతో భాగిస్తే 5,64,900 పైసలు, అంటే 5,649 రూపాయలు. 32 బిట్లలో చేస్తే సీ, సీప్లస్‌ప్లస్‌లలో ఎర్రర్ ఏమీ రాదు, తప్పు మొత్తం మాత్రం నమ్మకంగా ప్రింటవుతుంది. రౌండింగ్ ఎక్కడ చేయాలి, బస్తాకా, లాట్ మొత్తానికా అన్నది కూడా ఇంటర్‌ఫేస్ డాక్యుమెంటులో ఒక వాక్యంగా రాయండి.

డీ-బస్‌లో నల్ అనే విలువ లేదు. రేటు ఇంకా ఖాయం కాని లాట్‌కు సున్నా పెడితే ఎవరో ఒకరు దాన్ని నిజం ధర అనుకుంటారు. అలాంటి విలువను డిక్షనరీలో పెట్టి, లేనప్పుడు ఆ కీనే పంపకండి. అలాగని అన్నిటినీ డిక్షనరీలోకి నెట్టేయడం కూడా మంచిది కాదు. అప్పుడు రకాల తనిఖీ పోతుంది, కీ స్పెల్లింగ్ తప్పినా ఎవరూ పట్టుకోరు. తప్పనిసరైనవి ఆర్గ్యుమెంట్లుగా, ఉన్నా లేకున్నా నడిచేవి డిక్షనరీలో.

జెండా పాట: ప్రాపర్టీయా, సిగ్నలా?

జెండా పాట పూర్తయి ధర ఖాయమైంది, బోర్డుకు తెలియాలి. సిగ్నల్ పంపేస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ ఆ క్షణంలో బోర్డు ప్రాసెస్ రీస్టార్ట్ అవుతూ ఉంటే? సిగ్నల్ ఎవరి కోసమూ ఆగదు, దాచి ఉంచే చోటు లేదు. బోర్డు రోజంతా నిన్నటి ధర చూపిస్తూ కూర్చుంటుంది. కాబట్టి ఎప్పుడు అడిగినా జవాబు ఉండేది ఏదైనా ప్రాపర్టీగా పెట్టండి, మారినప్పుడు ప్రాపర్టీస్‌ఛేంజ్డ్ అనే ప్రామాణిక సిగ్నల్ పంపండి. ధర, ఇప్పటి లాట్, కాంటా సిద్ధంగా ఉందా లేదా, ఇవన్నీ ప్రాపర్టీలే. జరిగి ముగిసిపోయే సంఘటనకే విడి సిగ్నల్, ఉదాహరణకు 'పట్టీ రద్దయింది'. ఆ సిగ్నల్ తప్పిపోయినా లాట్ ప్రాపర్టీలు చదివి అదే సంగతి తెలుసుకోగలగాలి.

వినేవాడి వైపు వరుస తప్పకూడదు. ముందు సిగ్నల్‌కు మ్యాచ్ పెట్టండి (ఆ సిగ్నల్ నాకు కావాలని బస్‌కు చెప్పండి), ఆ తర్వాతే 'గెట్‌ఆల్' పిలిచి విలువలు తెచ్చుకోండి. తిరగేసి చేస్తే రెండింటి మధ్య మారిన ధర చేజారుతుంది. అలాగే నేమ్‌ఓనర్‌ఛేంజ్డ్ సిగ్నల్ కూడా వినండి. పట్టీ సర్వీసు పడి లేస్తే అది వస్తుంది, అప్పుడు విలువలన్నీ మళ్లీ తెచ్చుకోవాలి.

బరువు సంగతి వేరు. చాలా తూకం యంత్రాలు సెకనుకు పలుమార్లు రీడింగ్ పంపుతూనే ఉంటాయి, పక్కన అది నిలకడగా ఉందా లేదా అన్న గుర్తుతో. ప్రతి రీడింగ్‌నూ బస్ మీద వదిలితే బోర్డు, పట్టీ రెండూ ఊరికే నిద్ర లేస్తుంటాయి. బరువు నిలకడకు వచ్చినప్పుడు ఒకసారి, కాంటా ఖాళీ అయినప్పుడు ఒకసారి పంపితే చాలు. కదిలే అంకె చూడాల్సింది కాంటా స్క్రీన్ ఒక్కటే, అది ఎలాగూ అదే ప్రాసెస్‌లో ఉంది.

మిర్చి రాశి ఫొటో పంపాలంటారు కొందరు. డీ-బస్ సందేశం పరిమితి 128 మెబీబైట్లు, అర్రేకు 64. పడుతుంది కదా అని పంపకండి, ఆ బైట్లన్నీ డీమన్ మోయాలి. ఫైల్ డిస్క్రిప్టర్ రకం ఉంది, అది పంపితే అవతలి ప్రాసెస్ నేరుగా చదువుకుంటుంది.

ఎవరు ఎవరిని పిలవాలి

కాంటా 'పట్టీ ఇవ్వు' అని పిలిచి జవాబు కోసం ఆగింది. పట్టీ సర్వీసు ఆ పని మధ్యలో 'కాంటా సున్నా దగ్గర ఉందా' అని కాంటాను పిలిచి తనూ ఆగింది. రెండూ ఒకే థ్రెడ్‌తో నడిచేవే అయితే ఎవరూ ఎవరికీ జవాబివ్వరు. 25 సెకన్లు రెండు స్క్రీన్లూ బిగుసుకుపోతాయి, తర్వాత టైమవుట్. పరీక్షల్లో ఇది దొరకడం అరుదు, రద్దీలోనే బయటపడుతుంది.

పిలుపులు ఒకే దిక్కున సాగేలా గీయండి: కాంటా పట్టీని పిలుస్తుంది, పట్టీ కాంటాను ఎన్నడూ పిలవదు. వెనక్కి ఏమైనా చెప్పాలంటే సిగ్నల్. అవతలివాడికి అవసరమైన సమాచారం ముందే ఆర్గ్యుమెంట్లలో ఉండాలి. స్క్రీన్ ఉన్న ప్రోగ్రాంలో కాల్స్ అన్నీ అసింక్‌గా (జవాబు కోసం బిగుసుకొని ఆగకుండా) చేయండి. ప్రింటింగ్ లాంటి నెమ్మది పనికి జవాబు ఆపి ఉంచకండి: పట్టీ రికార్డు అయిన వెంటనే నంబరు ఇచ్చేసి, ప్రింట్ సంగతి లాట్ ప్రాపర్టీలో చూపండి.

ఎర్రర్లు

పిలిచేవాడు వేరే పని చేయాల్సి వచ్చే ప్రతి చోటా ఒక విడి ఎర్రర్ పేరు, అంతకు మించి వద్దు. 'రేటు మారింది' వస్తే కొత్త రేటు చూపి అడగాలి. 'లాట్ మూసేశారు' వస్తే ఆపేయాలి. 'ఐడీ తేడా' వస్తే లాగ్ రాసి మనిషిని పిలవాలి. ఎర్రర్ సందేశం మనుషుల కోసం, దానిలోని అక్షరాలు వెతికి కోడ్ నిర్ణయం తీసుకోకూడదు. ఎవరో ఒకరు ఆ వాక్యం సవరించిన రోజు అంతా తలకిందులవుతుంది.

బస్ తనంతట తానిచ్చే ఎర్రర్లకు తేడా తెలుసుకోండి. 'సర్వీస్‌అన్‌నోన్' అంటే ఆ పేరు మీద ఎవరూ లేరు, పని మొదలే కాలేదు. 'అన్‌నోన్‌మెథడ్' అంటే అవతల పాత వెర్షన్ ఉందేమో చూడాలి. 'నోరిప్లై' అంటే పైన చెప్పిన సందిగ్ధం, అదే ఐడీతో మళ్లీ పిలవాలి. ఈ మూడింటినీ ఒకే 'ఎర్రర్ వచ్చింది, మళ్లీ ప్రయత్నించండి' పెట్టెలో పోసే ప్రోగ్రాములే ఎక్కువ.

వచ్చే సీజన్‌లో మారినప్పుడు

ఇంటర్‌ఫేస్ పేరు చివర మొదటి రోజు నుంచే 1 పెట్టండి. స్ట్రక్ట్‌కు ఒక ఫీల్డ్ కలిపినా దాని సిగ్నేచర్ (రకాల వరుస) మారుతుంది, పాత క్లయింటు చదవలేదు. కొత్త మెథడ్, కొత్త ప్రాపర్టీ, కొత్త సిగ్నల్, డిక్షనరీలో కొత్త కీ కలపడం మాత్రం ప్రమాదం లేని పని. హమాలీ లెక్కలో కొత్త కోత ఏదైనా వస్తే చేర్చడానికే పై మెథడ్‌లో 'వివరాలు' డిక్షనరీ పెట్టాం. తెలియని కీ కనిపిస్తే క్లయింటు వదిలేయాలి, సర్వీసు మాత్రం తెలియని ఆప్షన్ వస్తే తిప్పికొట్టాలి. డబ్బు విషయంలో విననట్టు ఊరుకోవడం కంటే అదే మేలు. అర్థమే మారిపోతే చివర 2 పెట్టి కొత్త ఇంటర్‌ఫేస్ తెరవండి, ఒక ఆబ్జెక్ట్ మీద 1, 2 రెండూ పక్కపక్కన ఉండొచ్చు. కాంటాలన్నీ మారాక 1 తీసేయండి.

అనుమతుల గురించి క్లుప్తంగా. సిస్టమ్ బస్ (మెషీన్ మొత్తానికీ ఒకటే ఉండే బస్) మీద పేరు సొంతం చేసుకోవడం, మెథడ్లు పిలవడం మామూలుగా నిషేధమే, మీరు పాలసీ ఫైల్ రాసి తెరవాలి. ప్యాకేజీతో వచ్చే ఫైల్ స్థలం 'యూఎస్‌ఆర్, షేర్' కింది డీబస్ ఫోల్డర్, 'ఈటీసీ' మెషీన్ చూసుకునేవాడిది. 'పట్టీ రద్దు' లాంటి మెథడ్లను విడి ఇంటర్‌ఫేస్‌లో పెడితే పాలసీ ఒక్క లైన్‌లో అయిపోతుంది. అందరికీ వెళ్లే సిగ్నల్‌లో రైతు ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా పెట్టకండి, ఆ మెషీన్ మీద లాగిన్ అయిన ఎవరైనా వినగలరు.

పరీక్షించే తీరు

బస్‌సీటీఎల్ అనే కమాండ్ సిస్టమ్‌డీతోనే వస్తుంది. దాని 'ఇంట్రోస్పెక్ట్' మీ ఆబ్జెక్ట్ బయటికి ఎలా కనిపిస్తుందో చూపుతుంది, 'కాల్'తో చేత్తో మెథడ్ పిలవొచ్చు, 'మానిటర్'తో పోయే సందేశాలన్నీ చూడొచ్చు. కోడ్ తెలియని మనిషి ఇంట్రోస్పెక్ట్ చూసి మీ ఇంటర్‌ఫేస్ వాడగలిగితే పేర్లు బాగున్నట్టే.

తర్వాత పగలగొట్టండి. పట్టీ ప్రాసెస్‌కు లైనక్స్ స్టాప్ సిగ్నల్ (డీ-బస్ సిగ్నల్ కాదు) పంపి బిగపట్టండి, కాంటా స్క్రీన్ కదులుతూనే ఉందా చూడండి. 25 సెకన్ల తర్వాత ఏ మాట చూపిస్తుందో చదవండి, దడువాయికి అది అర్థం కావాలి. ఆ తర్వాత డేటాబేస్ కమిట్‌కు, జవాబుకు మధ్య పరీక్ష కోసం ఐదు సెకన్ల నిద్ర పెట్టి, ఆ నిద్రలో ప్రాసెస్‌ను కిల్-9తో చంపండి. సర్వీసు లేచాక కాంటా అదే ఐడీతో మళ్లీ పిలవాలి, పట్టీల టేబుల్‌లో ఒక్కటే వరుస ఉండాలి. ఇదే పరీక్షను ఆ నిద్రలో కాంటా ప్రాసెస్‌ను చంపి కూడా చేయండి, ఐడీ డిస్క్ మీద ఉందో లేదో అక్కడ బయటపడుతుంది. చివరగా, పోయిన సీజన్ క్లయింటు బైనరీ ఒకటి దాచిపెట్టి, కొత్త సర్వీసుతో ఒక లాట్ పూర్తిగా తూయించి పట్టీ కొట్టించి చూడండి. అది నడవకపోతే యార్డులో ఇన్‌స్టాల్ చేయకండి.